తూకం తప్పని కారు

బుర్రా వారింటి గేటుకి ఓ బోర్డు వేలాడుతుంటుంది. "ఇచ్చట సలహాలు చెప్పబడును. రుసుము లేదు." ఆ బోర్డు పెట్టి పదకొండేళ్ళయింది. సలహా కోసం ఒక్క పురుగు కూడా రాలేదనుకోండి, అది వేరే సంగతి. దానికి కారణం కూడా వాళ్ళే కనిపెట్టారు. "మన తెలివి చూసి జనం మొహమాటపడుతున్నార్రా!" అన్నాడు పెద్దాడు పేరయ్య. పిల్లనిచ్చేవాళ్ళు కూడా అలాగే మొహమాటపడ్డారేమో, అన్నదమ్ములు ముగ్గురూ ఇప్పటికీ బ్రహ్మచారులే.

పేరయ్య చెప్తాడు. నడిపాడు ధర్మారావు ఔనంటాడు. చిన్నాడు బులెబ్బాయి చేసేస్తాడు. ఇక తల్లి నాంచారమ్మ, "నా కడుపున పుట్టిన తెలివికి దిష్టి తగలకుండా చూడు స్వామీ" అని రోజూ దణ్ణం పెట్టుకుంటుంది.

ఆవిడకో దిగులుంది. నాలుగేళ్ళ కిందట ఆవిడ అక్క మంగతాయారు నోరు జారి, "నీ కొడుకులకి మంచానికి నవారు అల్లడం కూడా చేతకాదే" అంది. అంతే! నాంచారమ్మకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా కొడుకులు సొంత చేతుల్తో చేసిన కారులో తప్ప నీ గడప తొక్కను, పో!" అనేసి వచ్చేసింది. వచ్చింది సరే, ఆ రోజు నుంచీ అక్కని చూడలేదు. గోంగూర పచ్చడి కలుపుకున్నప్పుడల్లా అక్క చేతి ముద్ద గుర్తొచ్చి కళ్ళు తుడుచుకునేది. "కారం ఎక్కువైందిరా" అనేది కొడుకులతో. వాళ్ళేమో నిజమనుకుని పచ్చట్లో కారం వెయ్యడమే మానిపించారు.

అలాంటిది, బావగారి షష్టిపూర్తి శుభలేఖ వచ్చింది. కింద అక్క చేతిరాత: "నాంచారూ, పంతం చాలే. నడిచైనా రా." ఆదివారం, పది నలభైకి ముహూర్తం. నాంచారమ్మ ఆ కాగితం గుండెకి హత్తుకుని, "ఒరే, కారు ఎందాకా వచ్చిందిరా?" అంది.

కారు అంటే కొన్న కారు కాదండోయ్. విడిభాగాలన్నీ పెట్టెల్లో వస్తాయి, ఇంటి దగ్గర మనమే బిగించుకోవాలి. ఏడాది బట్టీ ఆ నాలుగు సీట్ల కారు వసారాలో స్టాండ్ల మీద కూర్చునుంది. చక్రాలని పట్టి ఉంచే సస్పెన్షన్ బోల్టులు పన్నెండు మాత్రం మిగిలాయి. వాటి సంగతి చెప్పడానికి మెకానిక్కు ఖాసిం వచ్చాడు. పాపం, మంచివాడు.

"జాగర్తగా వినండి బాబూ. ఈ బోల్టుల దగ్గర రబ్బరు బుష్షులుంటాయి. బండి పైకెత్తి ఉన్నప్పుడు చక్రాలు కిందకి వేలాడతాయి. అప్పుడు బిగించేశారనుకోండి, బండి దించగానే రబ్బరు మెలితిరిగి చిరిగిపోద్ది. అంచేత ఇప్పుడు చేత్తో తిప్పి వదిలెయ్యండి. బండిని చక్రాల మీద దించి, ఎక్కేవాళ్ళందరూ ఎక్కి కూర్చున్నాక, ఇదిగో ఈ పానాతో బిగించాలి. సరిపడా బిగియగానే పానా టిక్ అంటది. అనగానే ఆపెయ్యాలి. బిగించిన బోల్టుకి తెల్లరంగు చుక్క పెట్టండి. చుక్క ఉందంటే బిగించినట్టే."

"చివరి ముక్క మళ్ళీ చెప్పండి," అన్నాడు పేరయ్య.

"చుక్క ఉందంటే బిగించినట్టే."

"అదీ సంగతి! ముందే చెప్పొచ్చుగా."

ఇంకేముంది! ఖాసిం వీధి మలుపు తిరిగాడో లేదో, బులెబ్బాయి పన్నెండు బోల్టులకీ పన్నెండు చుక్కలు పెట్టేశాడు. మూడు నిమిషాల్లో పని పూర్తి. రంగు మిగిలితే స్టీరింగుకి కూడా రెండు చుక్కలు పెట్టాడు, మరీ గట్టిగా ఉంటుందని. నాంచారమ్మ ఒక్కో బోల్టుకీ పసుపు రాసి, "ముత్తయిదువుల్లా ఉన్నాయిరా" అని మురిసిపోయింది.

మర్నాడు ఖాసిం వచ్చి చక్రం పట్టుకుని ఊపాడు. అది కదిలే పన్నులా ఊగింది.

"బిగించలేదేంటి బాబూ?"

"చుక్క ఉందిగా!"

ఖాసిం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బిగించాక చుక్క పెట్టాలి బాబూ! ముందు అందరూ ఎక్కండి, తర్వాత బిగించండి, ఆ తర్వాతే చుక్క!" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అంతే. శుక్రవారం పొద్దున్నే కారుని చక్రాల మీదకి దించి నలుగురూ ఎక్కి కూర్చున్నారు. పేరయ్య ముందు, పక్కన స్టీరింగు దగ్గర ధర్మారావు, వెనక నాంచారమ్మ, ఆవిడ పక్కన ఒళ్ళో పానా పెట్టుకుని బులెబ్బాయి. కూర్చున్నారు, కూర్చున్నారు, కూర్చునే ఉన్నారు. పాలు పోసే సూరాలు గేటు దగ్గర ఆగింది.

"ఎక్కడికి పిన్నీ ప్రయాణం?"

"ఎక్కడికీ కాదే, బోల్టులు బిగించుకుంటున్నాం."

"ఎవరు బిగిస్తున్నారు?"

నలుగురూ ఒకేసారి కారు కిందకి తొంగి చూశారు. "అందరూ ఎక్కాలన్నాడు కదా, ఇంక కింద ఎవరుంటారు?" అన్నాడు ధర్మారావు. మధ్యాహ్నం దాకా ఆలోచించి పేరయ్యే ఉపాయం కనిపెట్టాడు. "కావలసింది బరువే గానీ మనిషి కాదురా. బులెబ్బాయి అరవై కిలోలు. వాడి బదులు అరవై కిలోల ధాన్యం బస్తా కూర్చోబెడితే సరి!"

ఔరా అనుకున్నారు. బస్తా తెచ్చి కూర్చోబెట్టారు. ఒక్కటే కూర్చుంటే పక్కకి ఒరిగిపోతోంది. "పడిపోద్దిరా, పట్టుకో" అంది నాంచారమ్మ. బులెబ్బాయి ఎక్కి బస్తాని పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ కింద ఎవరూ లేరు. ఇలా కాదని చివరికి బస్తాని సీటుకి చీరతో కట్టారు.

బులెబ్బాయి పానా పట్టుకుని కారు కిందకి దూరాడు. మొదటి బోల్టుకి పానా తగిలించాడు. హాల్లో గోడగడియారం "టిక్" అంది.

"అంది! ఆపెయ్!" అని అరిచాడు పేరయ్య.

రెండో బోల్టు. టిక్. మూడోది. టిక్. "అబ్బ, ఎంత మంచి పానారా, చెయ్యి వెయ్యగానే అయిపోతోంది!" అనుకుంటూ పన్నెండూ చిటికెలో ముగించి బయటకొచ్చాడు. అప్పుడే గోడ మీద బల్లి కూడా టిక్ టిక్ మంది. "చూశావా, బల్లి కూడా సత్యమంటోంది," అని నాంచారమ్మ చూపుడువేలుతో కారు తలుపు మీద తట్టింది.

శనివారం ఖాసిం వచ్చి చక్రం ఊపాడు. ఈసారి ఊడి చేతికొచ్చినంత పనయింది. నాంచారమ్మ బిత్తరపోయి, "రేపే కదయ్యా ముహూర్తం! మా అక్క మొహం చూసి నాలుగేళ్ళయింది," అని చతికిలబడి ఏడ్చేసింది. నిజంగా ఏడ్చింది. ఖాసిం పానా చేతిలోకి తీసుకున్నాడు.

"ఏడవకండమ్మగారూ. మీరు నలుగురూ ఊరికే ఎక్కి కూర్చోండి. ఏమీ ఆలోచించొద్దు, అదొక్కటే నాకు చేసే సాయం."

కూర్చున్నారు. ఖాసిమే కారు కింద పడుకుని, ఒక్కో బోల్టూ పానా టిక్కుమనేదాకా బిగించాడు. లేచి, చక్రానికీ పైనున్న మడ్గార్డుకీ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. "నాలుగు వేళ్ళ ఖాళీ. మీ నలుగురి బరువుకీ సరిగ్గా సరిపోయింది. యాభై కిలోమీటర్లు తిరిగాక నా షెడ్డుకి తీసుకురండి, మళ్ళీ ఓసారి చూడాలి," అన్నాడు.

పాపం, ఈ మాటలోనూ తప్పేం లేదు.

ఆదివారం బయల్దేరారు. అక్క ఊరు ఇరవై అయిదు కిలోమీటర్లు. కారు బంగారంలా నడిచింది. పది గంటలకల్లా మంగతాయారు గేటు ముందు ఆగింది. వీధి వీధంతా వచ్చి నిలబడింది. పట్టుచీర కట్టుకుని పెళ్ళికూతురిలా మంగతాయారు పరుగెత్తుకొచ్చింది.

"నా చెల్లే! దిగవే, దిగు!"

నాంచారమ్మ కాలు కింద పెట్టబోయింది. పేరయ్య కెవ్వుమన్నాడు. "అమ్మా, దిగకు! నలుగురి బరువుకీ బిగించిన బోల్టులు. ఒక్కరు దిగితే రబ్బరు చిరిగిపోద్ది!"

"అయ్యో, అవును కదూ," అని నాంచారమ్మ కాలు లోపల పెట్టేసుకుంది.

అంతే, నలుగురూ కారులోనే. చుట్టాలు గారెలు తెచ్చి కిటికీలోంచి అందించారు. "వద్దు! తింటే బరువు పెరుగుద్ది," అన్నాడు పేరయ్య. బులెబ్బాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ధర్మారావే అడ్డుపడ్డాడు. "తిన్నంత బరువు కిందకి పారేస్తే సరిపోద్ది కదన్నయ్యా." గారెకో చెప్పు చొప్పున విసిరేశారు. చెప్పులైపోయాక బులెబ్బాయి చొక్కా గుండీలు విప్పుతుంటే నాంచారమ్మ చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

అక్కా చెల్లెళ్ళు కిటికీకి అటొకరు, ఇటొకరు చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. "నవారు మాట ఏదో నోరు జారి అన్నానే." "పోనీలే అక్కా, కారు బాగుందా?" "బాగుందే. కానీ నా గడప తొక్కకుండా వెళ్ళిపోతావా?"

ఆ మాటకి పేరయ్య గుండె కరిగింది. గుండె కరిగితే వాడికి తెలివి పొంగుతుంది. "పెద్దమ్మా! అమ్మ దిగాలంటే నువ్వెక్కాలి. ఇటు నువ్వు కాలు పెడుతుంటే అటు అమ్మ కాలు తీస్తుంది. బోల్టులకి తెలియనే తెలియదు."

మంగతాయారు మాత్రం తక్కువ తిందా? అదే రక్తం. "ఓస్, ఇంతేనా!" అని ఎక్కేసింది. నాంచారమ్మ దిగి, వంగి, మడ్గార్డు కింద వేళ్ళు పెట్టింది. అక్క మెడలో పూలదండ బరువుకి కొంచెం ఇరుకయింది. దండ తీయించి మళ్ళీ వేళ్ళు పెట్టింది.

"నాలుగు వేళ్ళూ సరిగ్గా పట్టాయిరా!" అని కేక పెట్టింది గర్వంగా.

"అయితే ఒక్క చుట్టు తిప్పండ్రా, ముహూర్తానికి ఇంకా టైముంది," అంది మంగతాయారు సరదాపడి. కారు కదిలింది. వీధి చివర పేరయ్య మీటరు చూశాడు. ఇరవై అయిదు దాటింది. "తమ్ముడూ, ఇక్కణ్ణించి మన ఊళ్ళో ఖాసిం షెడ్డుకి పోతే సరిగ్గా యాభై. పోనీ!" ధర్మారావు ఔనన్నాడు, పోనిచ్చాడు.

"ఒరే, ముహూర్తంరా! దింపండ్రా!" అని పెద్దమ్మ గోల.

"కదలకు పెద్దమ్మా, బరువంతా ఒక పక్కకి పోద్ది!"

ఇక్కడ నాంచారమ్మ దర్జాగా అక్క గడప తొక్కింది. హాలు చూసింది, వంటిల్లు చూసింది, పెరట్లోకి తొంగి చూసింది. ఎక్కడా అక్క లేదు. పందిట్లో పీటల మీద బావగారు ఒక్కరే. పురోహితుడు "పెళ్ళికూతుర్ని తీసుకురండమ్మా!" అని అరుస్తున్నాడు. "నాలుగేళ్ళకి వస్తే ఇంట్లో ఉండకుండా ఈ అక్క ఎక్కడికి పోయిందో చూడండి!" అని ఆవిడకి ఏడుపొచ్చేసింది.

పదకొండు దాటాక కారు ఖాసిం షెడ్డు ముందు ఆగింది. ఖాసిం వంగి పన్నెండు బోల్టులూ చూశాడు. ఒక్కటీ సడలలేదు. సంతోషంగా లేచి కారు లోపలికి చూశాడు. పట్టుచీరలో, నుదుట బాసికంతో, ఏడ్చి ఏడ్చి మొహం వాచిన కొత్త మనిషి.

"ఈవిడెవరు బాబూ? మీ అమ్మగారేరి?"

పేరయ్య విసుక్కున్నాడు. "అమ్మ ఎవరైతే ఏంటండీ? తూకం సరిపోయిందా లేదా, అది చెప్పండి!"