పళ్ళెమా, మేళమా

డోలు ఖాసిం సాహెబు గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. తమలపాకు ఈనె తీస్తూ "చూద్దాంలే" అంటారు. ఇరవై ఏళ్ళు ఆయన డోలు పక్కన సన్నాయి ఊదినవాణ్ణి. ఆ "చూద్దాంలే" వింటే నాకు ఒళ్ళు మండేది. ఆయన శిష్యుడు తిరపతయ్యకైతే ప్రశ్న పుట్టిందంటే అన్నం సయించదు.

అద్దంకి వైపు ఒక పెళ్ళికి వెళుతూ బస్సులో అడిగాడు. "గురువుగారూ, వాద్యం ముందు మనసుకి తగిలి, ఆనక ఒళ్ళు కదులుతుందా? లేక ముందు ఒంటికే తగిలి, ఆనక మనసు కదులుతుందా?" సాహెబు గారు ఈనె కిటికీలోంచి పారేసి, "చూద్దాంలే" అన్నారు.

పెళ్ళికూతురు హైమ. ఇదివరకొక సంబంధం పీటల మీదే చెడిపోయిన పిల్ల. ఆ సంగతి పందిట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఈసారి జీలకర్ర బెల్లం సవ్యంగానే అయింది. మంగళసూత్రం చుట్టిన కొబ్బరికాయను పళ్ళెంలో పెట్టి, పెద్దలంతా తాకి దీవించడానికి పందిట్లోకి పంపారు. పళ్ళెం వెళ్ళింది గానీ తిరిగి రాలేదు.

"మీ దగ్గరుందా?" "ఇటు రాలేదండీ." "అటే ఇచ్చాం కదా!" ఇంకో పావుగంటలో వర్జ్యం. పెళ్ళికొడుకు మేనమామ రాఘవులు మొదట్నుంచీ ఈ సంబంధం ఇష్టం లేని మనిషి. "నేను చెబితే విన్నారా? ఆ పిల్ల పీటల మీద కూర్చుంటే ఇంతే" అని వినపడేట్టే అన్నాడు. హైమ తలెత్తలేదు. చేతులు వణికి గాజులు గలగలమంటున్నాయి.

ఆ రోజు డోలు తిరపతయ్యది. సాహెబు గారు వెనక కూర్చున్నారు. వాడు గడియారం చూడ్డం, ఆ పిల్ల చేతులు చూడ్డం, తనకి తెలియకుండానే వేగం పెంచేశాడు. నాకు ఊపిరి అందడం లేదు. పురోహితుడి మంత్రాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పెళ్ళికొడుక్కి ముచ్చెమటలు. హైమ గాజుల చప్పుడు ఇంకా పెరిగింది.

"నాయనా, నువ్వు కొడుతున్నది డోలా, నీ గుండెకాయా?" అన్నారు సాహెబు గారు వెనకనుంచి. వాడికి వినపడితేగా!

రాఘవులు లేచి నిలబడ్డాడు. "ఇక చాలు, లేవరా!" అన్నాడు మేనల్లుడితో. పెళ్ళికొడుకు సగం లేచాడు. సరిగ్గా అప్పుడే పురోహితుడు కంగారుపడి, చెయ్యెత్తి ఊపుతూ, "పళ్ళెం! పళ్ళెం!" అని అరిచాడు. ఆ గోలలో తిరపతయ్యకి "మేళం! మేళం!" అని వినపడింది.

అంతే, గట్టిమేళం అందుకున్నాడు. నేనూ ఊదేశాను, అబద్ధమెందుకు.

ఆ మోత చెవిన పడితే మనవాళ్ళు ఇంకేం చూడరు. మూడొందలమందీ ఒక్కసారి లేచారు. అన్ని వైపులనుంచీ అక్షింతలు పడ్డాయి. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. తాళి కట్టలేదు, కట్టడానికి తాళే లేదు! సగం లేచిన పెళ్ళికొడుకు అలాగే కూలబడ్డాడు. రాఘవులు చెయ్యి కూడా లేచింది. ఆయన గుప్పిట్లో అక్షింతలు వెళ్ళి హైమ తలమీద పడ్డాయి. పడ్డాక ఆయన తన చెయ్యి తాను చూసుకున్నాడు.

పందిరి చివర హైమ నాయనమ్మ పేరమ్మ రాటకి చేరగిలబడి కునుకుతోంది. ఆవిడకి బ్రహ్మచెముడు. పళ్ళెం కోసం అందరూ అరిచినా కదలని మనిషి, ఇప్పుడు గుండెమీద చెయ్యి వేసుకుని ఉలిక్కిపడి లేచింది. లేవగానే, దిష్టి తగలకూడదని పైట కప్పి ఒళ్ళో పెట్టుకున్న పళ్ళెం బయటపడింది.

"ఇదేం చోద్యమర్రా! తాళి నా దగ్గరుండగా మేళం వాయిస్తారేంటి!" అని అందరి మీదా కేకలేసింది.

హైమ తల్లి ఏడుస్తూనే నవ్వేసింది. పళ్ళెం చేతులు మారి వస్తుంటే అందరూ రాఘవులు వంకే చూశారు. ఆయన "అక్షింతలు వేసేశాక ఇంకేం లేపుతాను" అని గొణిగి కూర్చున్నాడు.

ఇక అసలు గట్టిమేళం వాయించాలి. తిరపతయ్య చేతులు బిగుసుకుపోయాయి. సాహెబు గారు డోలు లాక్కోలేదు. వాడి వీపుమీద అరచెయ్యి ఆనించి, మెల్లగా, ఒకే నడకలో తట్టారు. కాసేపటికి వాడి భుజాలు దిగాయి, ఆ నడకే డోలులోకి వచ్చింది. నా ఊపిరి నాకు దక్కింది. హైమ గాజుల చప్పుడు కూడా ఆగింది, ఎప్పుడాగిందో మాత్రం చెప్పలేను. ఈసారి పురోహితుడు "గట్టిమేళం" అని మూడుసార్లు విడమరిచి చెప్పాడు, పాపం. వర్జ్యానికి ముందే తాళి పడింది.

భోజనాల దగ్గర రాఘవులే కొసరి కొసరి వడ్డించాడు, పిల్లని అందరికంటే ముందు దీవించింది తానేనని విస్తరి విస్తరికీ చెబుతూ.

తిరుగు బస్సులో తిరపతయ్య మళ్ళీ గురువుగారి పక్కనే చేరాడు. "తప్పయిపోయింది గురువుగారూ. అయినా, నా ప్రశ్నకి జవాబు?" అన్నాడు. వీడి మొండితనం తగలెయ్య!

సాహెబు గారు ఈనె తీసిన తమలపాకు వాడి చేతిలో పెట్టారు.

"అక్షింతలు వేసిన ఆ చేతిని అప్పుడే అడగాల్సింది, నాయనా. ఇప్పుడడిగితే ఆయన, తన మనసే వేసిందంటాడు."