నాలుగో దట్టి

అనగా అనగా, రాజులు సైతం గోదా చుట్టూ నేల మీద కూర్చుని కుస్తీలు చూసే రోజుల్లో, తుమ్మెదకోట అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దానికి రాజు మాధవపాలుడు. మంచివాడే. కానీ పుట్టుకతోనే ఆయనకు ఒక కాలు సన్నం. చిన్నప్పుడు గోదా గట్టున కూర్చుని మల్లుల్ని చూడటమే గానీ, ఆ మట్టిలో దిగే భాగ్యం ఆయనకు లేకపోయింది.

ఆ కొరత మనసులో పెరిగి పెరిగి చివరికి ఒక మేడ అయింది. గెలిచిన మల్లులు కుస్తీనాడు నడుముకు బిగించిన దట్టీలు తెప్పించి, ఆ మేడలో చందనపు కొయ్యలకు వేలాడదీసేవాడు. వాటిని ఉతకనిచ్చేవాడు కాదు. చెమట, నూనె, గోదాలోని ఎర్రమన్ను ఎలా అంటుకున్నవి అలాగే ఉండాలి. పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్కదాన్నీ తాకి చూసుకునేవాడు. కొలువులో కొందరు చాటుగా నవ్వుకునేవారు. నాకైతే నవ్వు రాదు. తనకు దక్కని దాన్ని తాకి చూసుకోవాలని ఎవరికుండదు చెప్పండి.

ఆ రాజ్యం అంచున, ఏటికి అవతల, కోనప్ప అనే మల్లుడు ఉండేవాడు. వీపుకు మన్ను అంటనివాడని పేరు. కొలువులకు పోయే అలవాటు లేదు. పిలిస్తే గోదాకు వస్తాడు, గెలుస్తాడు, ఇంటికి పోయి గేదెకు గడ్డి వేసుకుంటాడు. అతని కుస్తీలకు డోలు కొట్టేవాడు సుంకన్న. ఇద్దరూ ఊరూరూ కలిసే తిరిగారు. కోనప్ప పట్టిన ప్రతి పట్టూ సుంకన్న చూసిందే.

ఒకనాడు రాజు సుంకన్నను పిలిపించాడు. "కోనప్ప మొన్న పొరుగు రాజ్యపు మల్లుణ్ణి పడగొట్టినప్పుడు కట్టిన దట్టి నాకు కావాలి. తెచ్చిపెడతావా?"

"అదెంత పని దొరా," అన్నాడు సుంకన్న.

పని చిన్నదేమీ కాదని ఊరికి పోయాక తెలిసింది. కోనప్ప తల అడ్డంగా ఊపాడు. "అది మా అమ్మ నేసిందిరా సుంకా. ఇంకేదైనా అడుగు, దాన్ని మాత్రం అడగొద్దు."

అప్పుడు సుంకన్న చేయవలసింది ఒక్కటే. తిరిగి కోటకు పోయి, ఇవ్వనన్నాడు దొరా అని చెప్పాలి. రాజు కొంచెం చిన్నబుచ్చుకునేవాడు, అంతే. కానీ సుంకన్నకు ఉత్త చేతులతో పోవడానికి మొహం చెల్లలేదు. సంతలో ఒక దట్టి కొన్నాడు. మజ్జిగలో నానబెట్టి, గోదా మన్నులో పొర్లించి, ఎండబెట్టి, అంచులు రాతికేసి రుద్దాడు. చూస్తే వాడికే ముచ్చటేసింది.

రాజు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. "నిజంగా ఇదేనా సుంకన్నా?"

"నా కళ్ళారా చూశాను దొరా."

రాజు తన చేతి వెండి కడియం తీసి వాడి చేతికి తొడిగాడు.

ఈ ఒక్కసారికే కదా అనుకున్నాడు సుంకన్న. కానీ కోనప్ప మళ్ళీ గెలిచాడు, రాజు మళ్ళీ అడిగాడు. రెండో దట్టి చేయడానికి మొదటిదానంత సేపు పట్టలేదు. "నా కళ్ళారా చూశాను దొరా." ఈసారి ఎడ్ల జత వచ్చింది.

మూడోసారి కుస్తీలో కోనప్ప పెదవి చిట్లిందని కోటదాకా తెలిసింది. "ఆ నెత్తురు దట్టి మీద పడే ఉంటుంది కదూ?" అని ఆశగా అడిగాడు రాజు. సుంకన్న ఇంటికి పోయి తుమ్మముల్లుతో తన వేలే పొడుచుకుని మూడో దట్టికి నెత్తురు అంటించాడు. ఆ మరక మీద చెయ్యి పెట్టి రాజు కంటతడి పెట్టుకున్నాడు. "నా కళ్ళారా చూశాను దొరా," అన్న మాట మాత్రం ఈసారి సుంకన్న నేలచూపులు చూస్తూ అన్నాడు. వాడికి పెంకుటిల్లు వచ్చింది. అందులో నిద్ర పట్టిందో లేదో మరి.

ఏళ్ళు గడిచాయి. కోనప్ప మోకాళ్ళు సడలాయి. తల్లి పోయింది. పెళ్ళాం బిడ్డలు లేరు. ఒకరోజు పెట్టె తెరిచి దట్టిని చూసుకుని దిగులుపడ్డాడు. తాను పోతే దీన్ని ఎవరు దాస్తారు? మసిగుడ్డకు చింపుతారు.

కోనప్ప సుంకన్న ఇంటికి వచ్చి అన్నాడు: "దొరకు దట్టీలంటే ప్రాణమట కదరా. మా అమ్మ చేతి పని ఆ మేడలో ఉంటే చాలు నాకు. నువ్వూ రా. నువ్వు చూడని కుస్తీ ఏదుంది? నాకు నువ్వే సాక్షి."

సుంకన్న ఏవేవో సాకులు వెతికాడు. దారి దూరమన్నాడు, ఎండలన్నాడు, రాజులకు తీరిక ఉండదన్నాడు. కోనప్ప అప్పటికే మూట కట్టుకున్నాడు.

దారిలో సుంకన్న ఏటి ఒడ్డున నిజం చెబుదామని నోరు తెరిచాడు. కోనప్ప నీళ్ళు తాగి ఆ చెంబే అందించాడు, మాట లోపలే ఉండిపోయింది. సత్రంలో మళ్ళీ నోరు తెరిచాడు. కోనప్ప తన దుప్పటి వాడికి కప్పాడు. కోట గుమ్మం ముందు చివరిసారి తెరిచాడు. అప్పటికి ద్వారపాలకుడు తలుపు తీసేశాడు. అయ్యో సుంకన్నా, ఆ ఏటి ఒడ్డునే చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

కోనప్ప పేరు వినగానే రాజు కుంటుకుంటూ ఎదురొచ్చాడు. చెయ్యి పట్టుకుని మేడలోకి తీసుకుపోయి, నడిమి గోడ చూపించాడు. "ఇవిగో కోనప్పా, నీ మూడు గెలుపులూ. రోజూ వీటినే ముందు చూస్తాను."

కోనప్ప ఆ మూడు దట్టీల అంచులూ పట్టి చూశాడు.

"దొరా, ఇవి నావి కావు. నా బతుకంతా నేను కట్టింది ఒక్కటే దట్టి." మూట విప్పి తీశాడు. రంగు వెలిసిన బట్ట. ఎన్నోచోట్ల చినిగింది, చినిగిన ప్రతిచోటా కుట్టి ఉంది. "మా అమ్మ నేసింది. కుస్తీ కుస్తీకీ చినిగేది, ఏ దారం దొరికితే ఆ దారంతో అమ్మే కుట్టేది. ఇది మీకిద్దామని వచ్చాను."

రాజు చెయ్యి చాపలేదు. నెత్తుటి మరక మీద తాను కార్చిన కన్నీళ్ళు గుర్తొచ్చి సిగ్గు ముంచుకొచ్చింది.

"ఆ మూడూ నీవి కావంటే, ఈ నాలుగోది నీదని నేనెట్లా నమ్మను?"

కోనప్పకు ఆ మాట గుచ్చుకుంది. అయినా భయపడలేదు. తోడుగా సాక్షి ఉన్నాడు కదా. "చెప్పరా సుంకా," అన్నాడు.

సుంకన్న రాజు కాళ్ళ మీద పడ్డాడు. మజ్జిగ, మన్ను, ముల్లు, అన్నీ చెప్పేశాడు. కడియం ఊడదీసి నేల మీద పెట్టాడు. "నేను పాపిని దొరా. కానీ ఇది మాత్రం అసలుది. నా కళ్ళారా చూశాను."

"ఆ మూడుసార్లూ ఈ మాటే అన్నావు," అన్నాడు రాజు మెల్లగా. "కళ్ళు కూడా ఇవే."

కోనప్ప దట్టి మడిచి మూటలో పెట్టుకున్నాడు. అతనికి కోపం రాలేదు, అదే సుంకన్నకు ఎక్కువ బాధ. గుమ్మం దాటాక ఒక్క మాటన్నాడు: "ఆనాడు నేను ఇవ్వనన్నాను కదా తమ్ముడూ. ఆ మాటే దొరతో చెప్పుంటే సరిపోయేది కదా."

రాజుకు ఆ రోజు నుంచి తిండి సహించలేదు. మేడలో ఏ దట్టిని తాకబోయినా చెయ్యి వెనక్కి వచ్చేది. ఇదెవరు మజ్జిగలో నానబెట్టారో అనిపించేది. నిజమైనవి అక్కడ ఎన్ని ఉన్నాయో పాపం, అవీ వాటితోపాటే పాడయ్యాయి. చివరికి మేడకు తాళం వేయించాడు.

కానీ ఏడాది గడిచినా ఆ కుట్లు కళ్ళముందు నుంచి పోలేదు. తెల్ల దారం, నల్ల దారం, చీర అంచు నుంచి లాగిన పసుపు దారం. సంతలో కొన్న బట్టకు అన్ని ఏళ్ళ కుట్లు ఎవరు వేస్తారు? అది తట్టిన రోజే పల్లకి కట్టించుకుని ఏరు దాటాడు.

కోనప్ప గోదా గట్టు మీద కూర్చుని ఉన్నాడు. రాజు అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. "తప్పు నాది కోనప్పా. అప్పుడే నువ్వివ్వనన్నావని నాకు తెలిసి ఉంటే, తల్లి నేసిన దట్టి వదలని మల్లుణ్ణి చూడటానికి నేనే వచ్చి ఉండేవాణ్ణి. ఇప్పుడైనా దాన్ని నాకిస్తావా?"

"లేదు దొరా. ఈ గోదాలోనే పాతిపెట్టాను. కుర్రాళ్ళు మన్ను తవ్వి నూనె కలిపారు. ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది."

రాజు వంగి గుప్పెడు మన్ను తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకుని, మళ్ళీ గోదాలోనే వదిలేశాడు. ఆ మన్ను మేడకు తీసుకుపోయినా ఎవరు నమ్ముతారు?

ఆ ఏడు తిరక్కుండానే కోనప్ప కన్నుమూశాడు. సుంకన్న మాత్రం చాలాకాలం బతికాడు. ఎడ్లను, ఇంటిని తిరిగి ఇచ్చేసి, గోదా పక్కన పాకలో ఉండేవాడు. సాయంత్రాలు కుర్ర మల్లులకు కోనప్ప కుస్తీలు చెప్పేవాడు. ఏ పట్టు ఎలా పట్టాడో, ఎవరిని ఎలా ఎత్తాడో, ఒక్క మాట కూడా కల్పించకుండా చెప్పేవాడు. వాటిని చూసినవాళ్ళలో మిగిలింది వాడొక్కడే. కుర్రాళ్ళు విని, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వేవారు. "తాత మళ్ళీ మజ్జిగలో నానబెట్టాడు," అనేవారు. అలా కోనప్ప గెలుపులు కూడా అతని దట్టి వెంటే పోయాయి.

పిల్లలూ, అబద్ధం చెప్పినవాడు తన మాటకున్న విలువ ఒక్కటే పోగొట్టుకోడు. తనను సాక్షిగా నమ్ముకున్నవాడి నిజాన్ని కూడా పోగొడతాడు.