పిడకల గోడ

పిడకలు చరిచే సింగారమ్మకి లెక్కల పిచ్చి. గోడ మీద ఒక పిడక కొట్టి, దాని పక్కన, పైన, మూలన మూడు కొట్టి, మళ్లీ అలాగే పక్కనా పైనా ఐదు కొట్టి, ఇలా బేసి సంఖ్యలు కలుపుకుంటూ పోతే ఎప్పుడూ నిండు చదరమే వస్తుందని తనంతట తనే కనిపెట్టి, దారిన పోయేవాళ్లందరికీ చూపించి మురిసిపోయేది.

ఆస్థాన గణకుడు విరూపాక్షశాస్త్రికి ఒళ్లు మండింది. "మహారాజా, గురువు లేకుండా నేర్చిన లెక్క తప్పుడు లెక్క. ఆ గోడ పడగొట్టించండి!"

"అలాగే పడగొట్టించండి మారాజా," అంది సభకి పిలిపించిన సింగారమ్మ. "ముందు మొదటి ఇరవై బేసి సంఖ్యలు కలిపితే ఎంతో శాస్త్రిగారిని చెప్పమనండి."

"నాలుగు వందలు!" అన్నాడు శాస్త్రి ఠక్కున.

"నాకూ అంతే వచ్చింది. నాది తప్పు కదా మరి! పాపం, ఈయన చేత పన్నెండేళ్లు నీళ్లు మోయించుకుని తప్పు లెక్క నేర్పి పంపేశాడే, ఎవరండీ ఆ గురువు?"

రాజుగారు శాస్త్రి వైపు తిరిగారు. "అయితే సరైన జవాబెంత?"

మర్నాటి నుంచీ శాస్త్రి ఆ గోడ ముందే కూర్చుని పిడకలు లెక్కపెడుతున్నాడు, ఒక్కసారైనా మూడు వందల తొంభై తొమ్మిది రాకపోతుందా అని.