గట్టు మీది వట్టివేరు

ఏటి పక్క చేనుగట్టులో ముంగిసమ్మ కాపురం. ఏటా వానలకు గట్టు కొంచెం కొంచెంగా జారిపోయి, ఇప్పుడు ఆమె బొరియకు జానెడు మట్టి మాత్రమే అడ్డం మిగిలింది. లోపల పసిపిల్లలు. ఆ మట్టి కాస్తా ఎప్పుడు కూలుతుందా అని బయట నక్క కాచుకుని ఉంది. పని చేయమంటే బద్ధకించే నక్కకు ఇలాంటి ఓపిక మాత్రం బోలెడు.

దసరా వెళ్ళి వానలు తెరిపిచ్చాక ముంగిసమ్మ గోడు ఎద్దు మామ చెవిన పడింది. గట్టు పొడుగునా వట్టివేరు నాటుకోమన్నాడు. నేల ఇంకా తడిగా ఉంది, చలికాలమంతా వేళ్ళు దిగుతాయి, ఒక్కసారి పాతుకుంటే ఏళ్ళ తరబడి గట్టును అదే కాస్తుందన్నాడు. ఏటి ఒడ్డు నుంచి పిలకలు తనే తెచ్చాడు. ఆమె గుంతలు తవ్వి పెడుతుంటే గిట్టలతో మట్టి తొక్కాడు.

"ఆకు ఎదిగాక కొసలు కొట్టెయ్యాలమ్మా. అప్పుడే పిలకలేసి కమ్ముకుంటుంది. నేనొచ్చి మేసిపెడతాలే," అన్నాడు.

ఈలోగా రైతు అతన్ని దుక్కులకు కట్టేశాడు. ముంగిసమ్మ తనే కొరకబోతే ఆకు అంచులకు మూతి కోసుకుపోయింది.

నక్కకు ఆ పచ్చదనం కంటగింపయింది. మేక దగ్గరికి వెళ్ళి, గట్టు మీద అడిగే దిక్కులేని గడ్డి ఉందని ఊరించింది. మేక రానే వచ్చింది. ముంగిసమ్మ తరమబోయింది. అంతలోనే ఎద్దు మామ మాట గుర్తొచ్చింది.

"రా మేకత్తా, కడుపారా తిను. మొదళ్ళు మాత్రం నా పిల్లల కోసం వదిలెయ్."

మేక నిలబడిపోయింది. కర్రతో తరిమినవాళ్ళే గానీ, తినమని పిలిచినవాళ్ళు దానికి ఇంతవరకూ లేరు. కొసలు మాత్రమే మేసి వెళ్ళింది. ఆకు పెరిగినప్పుడల్లా వచ్చి అలాగే మేసింది. వచ్చిన ప్రతిసారీ ముంగిసమ్మ ఎదురెళ్ళి దండం పెట్టేది. దూరం నుంచి మోళ్ళు చూసి నక్క మురిసిపోయింది.

మళ్ళీ వానలొచ్చి ఏరు పొంగింది. తెల్లారగానే నక్క పరుగున వచ్చింది. గట్టు చెక్కుచెదరలేదు. వట్టివేరు దుబ్బులు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి.

"మేక తినేసింది కదా?" అంది నక్క.

"పైన తినేకొద్దీ కింద బలిసింది బావా. అత్తను పంపింది నువ్వేనట. నా పిల్లలు బతికారంటే నీ చలవే." నిజంగానే ముంగిసమ్మ కళ్ళు చెమర్చాయి.

ఆమె దండం పెట్టింది. నక్క ఖాళీ కడుపుతో ఆ దండం అందుకుని వెళ్ళిపోయింది.

ఆదరించి పిలిస్తే, పగవాడు పంపిన నోరు కూడా మన పనే చేసిపెడుతుంది.