వీపు మీద పిల్లున్న కప్ప

ఫోను చెవి పక్కన పెట్టుకుని పడుకో బంగారూ. ఊ కొట్టడం మాత్రం మానకు.

అనగనగా సముద్రాల అవతల, రోజూ వాన పడే అడవిలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎలీసో అని ఒక వేటగాడు.

ఆ అడవిలో పసుప్పచ్చ కప్పలుండేవి. చూడ్డానికి మామిడిపండు ముక్కలా ఇంతే ఉంటాయి, ఒళ్ళంతా విషం. ఎలీసో వాళ్ళు కప్పని ఆకుతో పట్టుకుని, దాని వీపుకి బాణం మొన రాసుకుని, మళ్ళీ పట్టుకున్న చోటే వదిలేసేవాళ్ళు. ఒక్కటే కట్టుబాటు. పిల్లని మోసుకెళ్ళే కప్పని ముట్టకూడదు. ఆ కప్పల్లో పిల్లల్ని వీపునేసుకుని నీళ్ళకి చేర్చేది తండ్రే మరి.

అప్పుడు పట్నం నుంచి ఒక షావుకారొచ్చాడు. "మావాళ్ళు అద్దాల పెట్టెలో పెట్టుకుని చూసుకుంటారు. కప్పల్ని తే, తుపాకీ ఇస్తా" అన్నాడు. తుపాకీ ఉంటే బాణమెందుకు, బాణం లేకపోతే కప్పెందుకు అనుకున్నాడు ఎలీసో.

మొదట వాగొడ్డున ఉన్నవి పట్టిచ్చాడు. ఆ తర్వాత గుట్ట మీదవి. "ఇంకొక్కటి తే, తుపాకీ నీదే" అన్నాడు షావుకారు.

మూడోసారి కూతుర్ని వీపునెక్కించుకుని వెళ్ళాడు. అడవంతా వెతికితే ఒక్కటి కనపడింది.

"నాన్నా, దాని వీపు మీద పిల్లుంది!" అంది కూతురు.

"పిల్లా లేదు గిల్లా లేదు, మట్టి అది" అని కప్పని డబ్బాలో వేసి మూత పెట్టేశాడు.

ఇంటిదాకా ఆ పిల్ల నాన్న మెడ చుట్టూ చేతులెయ్యలేదు, చొక్కా పట్టుకుని వేలాడింది.

తుపాకీ ఇంటికొచ్చింది. అప్పట్నించి ఎలీసోకి ముద్ద దిగలేదు. ఆ తర్వాత తుపాకీ భుజానేసుకుని పట్నం పోయాడు. "ఇది నువ్వే ఉంచుకో, నా కప్పలిచ్చెయ్" అన్నాడు.

"అన్నీ ఎక్కడెక్కడికో పోయాయి, ఇదొక్కటే మిగిలింది" అని షావుకారు వట్టి చేత్తోనే తీసి చూపించాడు. ఎలీసో అదిరిపడితే నవ్వాడు. "భయపడకయ్యా, విషం పోయింది. మీ అడవి చీమల్ని తింటేనే దానికి విషం, ఇక్కడ ఆ చీమలెక్కడివి?"

అది ఆఖర్న పట్టిన కప్పే. దాని వీపు ఖాళీగా ఉంది.

దాన్ని తెచ్చి, పట్టుకున్న చోటే వదిలాడు. అప్పుడు వానొచ్చింది. కప్ప తోడు కోసం కూసింది. ఎలా కూసిందంటే... మీ తాతయ్య ఉంటే కూసి చూపించేవాడు. నాకు రాదమ్మా.

ఏ పక్కనించీ ఏ కప్పా పలకలేదు.

ఇప్పటికీ ఎలీసో కూతుర్ని వీపునేసుకునే తిరుగుతాడు. ఆ చోటు దగ్గరికొచ్చేసరికి మాత్రం కిందకి దించేస్తాడు.

"ఎందుకు దించావు నాన్నా?"

"కప్ప చూస్తుందమ్మా."

కప్ప ఆకు చాటుకి,
కథ కంచి కోటకి,
మనం నిద్ర తోటకి.