భూస్థాయి కింద స్వరం

రత్నం మాస్టారు శిష్యులతో వాదించేవారు కాదు. ఎవరైనా సందేహం తెస్తే, అందుబాటులో ఉన్న వస్తువేదో వాళ్ల చేతిలో పెట్టి ఊరుకునేవారు. హైడ్రోజన్ దీపం మొదటిసారి చూపించిన రోజూ అంతే. ప్రయోగశాల కిటికీలకు నల్ల తెరలు దించి, గవర్రాజుని పట్టకం ముందు నిలబెట్టి, "చూడు" అన్నారు. చీకట్లో ఒక ఎర్రగీత, ఒక నీలిగీత. ఆ ఎరుపు గవర్రాజు కళ్లలో ఇప్పటికీ ఉంది.

ఆ గవర్రాజే ఒక ఆదివారం పొద్దున బందరులో మాస్టారింటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. నీళ్లలోని హైడ్రోజన్ నుంచి అంతులేని వేడి తీస్తామంటున్న ఒక కంపెనీలో చేరడానికి, పరిశోధన సీటు వదులుకుని, మర్నాడు రైలెక్కబోతున్నాడు.

"మాస్టారూ, ఎలక్ట్రాన్‌కి అన్నిటికన్నా కింది మెట్టు భూస్థాయి అన్నారు. దాని కింద ఇంకో మెట్టు ఎందుకుండకూడదు? శక్తి సూత్రంలో మెట్టు సంఖ్య ఒకటి బదులు అర వేయండి. పదమూడు పాయింట్ ఆరు ఎలక్ట్రాన్ వోల్టులు కాస్తా యాభై నాలుగు పాయింట్ నాలుగవుతుంది! దిగే ప్రతి పరమాణువూ ఎంత శక్తి వదులుతుందో చూడండి!"

"అర ఎలా వేశావురా?"

"ఎలక్ట్రాన్ అల కక్ష్య చుట్టూ పూర్తిగా చుట్టి రావాలన్న నియమం ఉంది కదండీ, అదొక్కటే కాస్త సడలించాను."

చర్చికి తీసుకెళ్లడానికి బయటపెట్టిన వయొలిన్‌ని మాస్టారు అతని ఒళ్లో పెట్టారు. ఆయన భార్య రాహేలమ్మ పోయి చాలా కాలమైనా, అది ఆవిడ పాడిన శ్రుతిలోనే ఉండేది.

"ఈ లావు తీగకి దాని సొంత స్వరం ఒకటుంది. అంతకన్నా కిందిది పలికించు."

ఎక్కడ వేలు నొక్కినా స్వరం పైకే పోయింది. గవర్రాజు తల గోక్కుని, నవ్వి, బిరడా తిప్పాడు. తీగ వదులై, బొంగురుగా కిందికి దిగింది.

"దొరికింది మాస్టారూ!"

"సంతోషం. ఇలా ఇయ్యి."

మాస్టారు రాహేలమ్మ పాట ఎత్తుకున్నారు. చదువుకునే రోజుల్లో ప్రయోగశాల నుంచి ఆకలితో వచ్చే గవర్రాజుకి ఉప్మా వడ్డిస్తూ ఆవిడ పాడే పాటే అది. లావు తీగ మీదికి వచ్చినప్పుడల్లా పాట తప్పింది. మూడో చరణం దాకా ఉండలేక గవర్రాజే చెయ్యెత్తాడు. అతనికి ఎర్రగీత గుర్తొచ్చింది; ఆ నియమం సడలిస్తే అదీ తన చోట నిలవదు.

మాస్టారు కళ్లు మూసుకుని, సన్నగా కూనిరాగం తీస్తూ, తీగని మళ్లీ ఆవిడ గొంతు దాకా బిగించారు.

"రేపు రైలెక్కమంటారా, వద్దంటారా?" గవర్రాజు గొంతు తగ్గింది.

మాస్టారు వయొలిన్ పెట్టె మూశారు.

"పాట చెడకుండా కిందికి దిగే దారి దొరికితే చెప్పరా. ఆ రైలుకే నేనూ వస్తాను."