చెడ్డమాటకు బెల్లంముక్క

అనగనగా అంటాను, ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి.

సముద్రపు ఒడ్డున ముత్యాలరేవు అనే పట్నం ఉండేది. అక్కడ ఎర్రసాని అనే వర్తకురాలు ఉండేది. తల్లిలేని తమ్ముడు కొమ్మనను ఆమే పెంచి పెద్ద చేసింది. వాడిప్పుడు ఓడలు నడిపే సరంగు.

ఆ రేవులో ఒక ఆచారం ఉంది. ఓడ బయలుదేరబోతుంటే ఎవరూ చెడ్డమాట అనకూడదు. తుఫాను అనకూడదు, మునక అనకూడదు. తుమ్మొచ్చినా ముక్కు గట్టిగా మూసుకోవాలి.

ఒకప్పుడు ఎర్రసాని భర్త ఓడెక్కుతుంటే తెరచాప తాడు పీచులు లేచి ఉండటం ఆమె చూసింది. చెబితే అపశకునమని మాట మింగేసింది. ఆ ఓడ మళ్లీ రాలేదు. మింగిన మాట మాత్రం ఆమె గొంతులోనే ఉండిపోయింది.

ఒకనాడు దూరాన ఉన్న శంఖద్వీపం నుంచి అక్కడి రాణిగారి దూత సువేలుడు ఎర్రసాని దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, మా దీవి చుట్టూ బండలే. చీకటి పడితే ఓడలు పగిలిపోతున్నాయి. మీ శిల్పుల చేత మాకొక దీపస్తంభం కట్టించండి" అన్నాడు.

ఎర్రసాని వెంటనే సరేనంది. ఇంకే ఆడదీ తనలా ఒడ్డున ఎదురుచూడకూడదని ఆమె కోరిక. కానీ ఆ దారి తెలిసిన సరంగు కొమ్మన ఒక్కడే. వాణ్ణి పంపాలని తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగలేదు.

శిల్పి గుండయ రాతి దిమ్మెలు చెక్కాడు. మూడు ఓడలు సిద్ధమవుతున్నాయి. అప్పుడు ఎర్రసాని అందరినీ భోజనానికి పిలిచి, మధ్యలో బెల్లం పళ్లెం పెట్టింది.

"ఎవరి భయం వాళ్లు చెప్పండి. చెడ్డమాట అన్న నోటిని నేను తీపి చేస్తాను. దోషమేదన్నా ఉంటే నాది."

విస్తళ్లలో అన్నం చల్లారిపోయింది. చివరికి గుండయ గొణిగాడు.

"పునాది రాళ్లన్నీ ఒక ఓడలో, దిమ్మెలన్నీ ఒక ఓడలో, దీపపు గూడు మరో ఓడలో వెళుతున్నాయి తల్లీ. ఒక్క ఓడ పోయినా మిగతావి ఎందుకూ పనికిరావు."

"అయితే అన్నిటినీ మూడు ఓడల్లోకీ పంచుదాం. ఏ దిమ్మె మీద ఏదైనా కూర్చునేలా సరిచెయ్యి. గూడు ఇంకోటి చెక్కు. ఒక ఓడ పోయినా పొట్టి స్తంభమైనా లేస్తుంది" అని అతని నోట్లో బెల్లం పెట్టింది.

అది చూసి సువేలుడు గొంతు సవరించుకున్నాడు.

"మా దీవిలో పరాయివాళ్లు మట్టి తవ్వితే జనం ఊరుకోరమ్మా. రాణిగారు ఒప్పుకున్నా సరే. అందరికన్నా పెద్ద ముసలమ్మ మొదటి పిడికెడు తియ్యాలి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం నాయనా?"

"మీరు అడగలేదు. అతిథిని, నాకై నేను ఎలా చెప్పను?"

ఎర్రసాని నవ్వి, అతనికీ బెల్లం పెట్టి, ముసలమ్మ కోసం ఒక మంచి చీర మూటకట్టింది.

"నాకే భయమూ లేదక్కా" అన్నాడు కొమ్మన, మీసం దువ్వుతూ.

"అదేరా నా భయం. నాకోసం తొందరపడి వానల్లో ఓడ తిప్పుతావు. ఆలస్యమైతే నేను ఏడుస్తాను. ఏడవనీ. ఆకాశం తెరిపిచ్చాకే రా."

ఆ మాట అని తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. చాలా ఏళ్లకు ఆమె గొంతు తేలికపడింది.

ఓడలు వెళ్లాయి. వానలు వచ్చాయి. ఓడలు రాలేదు.

"చెడ్డమాటలు అనిపించింది, అనుభవిస్తోంది" అన్నారు రేవులో జనం. ఎర్రసాని నిజంగానే ఏడ్చింది. రోజూ ఒడ్డుకు వెళ్లేది, తడిసి ఇంటికొచ్చేది. ఆగమన్నది నేనే కదా అని తనకు తానే చెప్పుకునేది.

వానలు వెలిశాక ఓడలు కనిపించాయి. రెండే. ఇంతలో ముందు ఓడ నుంచి కొమ్మన నీళ్లలోకి దూకి పరుగెత్తుకొచ్చాడు.

"ఒక ఓడ బండకు తగిలి మునిగిందక్కా. మనుషులందరినీ మిగతావాటిలోకి లాక్కున్నాం. స్తంభం పొట్టిదైంది, అందుకని గుట్టమీద నిలబెట్టాం. ముసలమ్మ నీ చీర కట్టుకుని మట్టి తీసింది. ఆ తర్వాత ఊరంతా మాతోపాటు రాళ్లు మోసింది."

"మరి నువ్వు?"

"పని కాగానే వచ్చేద్దామనుకున్నాను. మబ్బు చూస్తే భయమేసింది. నువ్వు ఏడుస్తుంటావని తెలిసీ ఆగిపోయాను." కొమ్మన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ వానల్లోనే ఒక పడవ దారితప్పి, మన దీపం చూసుకుని ఒడ్డు చేరింది. పడవవాడి భార్య అక్కడే నిలబడి ఉందక్కా. నీలాగే."

ఎర్రసాని కొంగుముడి విప్పి, రోజూ వెంట తెచ్చుకున్న బెల్లంముక్క తమ్ముడి నోట్లో పెట్టింది. ఆనాటి నుంచి ఆ రేవులో బెల్లం పళ్లెం పెట్టకుండా ఏ ఓడా కదలలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్ద పనికి దూరం వెళ్లేముందు భయాన్ని మింగకండి, నలుగురిలో చెప్పుకోండి. చెప్పుకున్న భయానికే ఉపాయం దొరుకుతుంది.